హ్యాండ్ బ్రేకు పని చక్రం దగ్గర మొదలుపెట్టు

కోవిల్‌పట్టి

అల్లుడూ,

నీ ఉత్తరం అందింది. విరుదునగర్ షెడ్డులో మీ మేస్త్రీ పాత పికప్పు ఒకటి నీ చేతికి అప్పగించాడని, లివరు పూర్తిగా పైకి లేచినా బండి వెనక్కి జారుతోందని, ఓనరు మాత్రం "కేబులు కాస్త బిగించి పంపితే చాలు" అంటున్నాడని రాశావు. ఇంకా బిగించకపోతే ఆగు. బిగించేసి ఉంటే నట్టు మళ్లీ వదులు చెయ్యి. హ్యాండ్ బ్రేకు నేర్చుకునేవాడు ముందు చూడాల్సింది వెనక చక్రాల డ్రమ్ముల లోపల. కేబులు చివరి పని.

మన వైపు ఓనర్లంతా ఒకే మాట అంటారు: ఈ చదును నేలలో హ్యాండ్ బ్రేకుతో పనేముంది, గేరులో వేసి దిగితే సరిపోదా అని. నల్లరేగడి చదునే, కాదనను. కానీ ఈ బండ్లు నల్లరేగడి దాటిపోతాయి. ఇక్కడి అగ్గిపెట్టెల లోడు సెంగోట్టై మీదుగా ఆర్యన్‌కావు కనుమ దాటి కేరళలో దిగుతుంది. మీ ఊరి మార్కెట్టులో ఎత్తిన పప్పు మూటలు కుమిళి ఘాటు ఎక్కే రోజులుంటాయి. అంత దూరం ఎందుకు, గోడౌను ముందు కాంక్రీటు చూడు. వాన నీళ్లు నిలవకుండా కొద్దిగా వాలుగా పోస్తారు. 100 అడుగులకు 3 అడుగుల వాలు కంటికి ఆనదు. అయినా లోడుతో కలిపి 2,500 కిలోలున్న బండిని ఆ వాలు దాదాపు 75 కిలోల బలంతో కిందికి తోస్తుంది. వెనక డోరు దించాక గోడకూ బండికీ మధ్య మనుషులు నిలబడి సరుకు అందిస్తుంటారు. అగ్గిపెట్టెల కంపెనీల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. బండి ఒక్క అడుగు జారినా వాళ్లకు తప్పుకునే చోటుండదు. ఓనరు తొందరపెట్టినప్పుడల్లా ఆ జాగాలో నిలబడ్డవాళ్లను గుర్తు పెట్టుకో.

బ్రేకు ఎంత పట్టాలి అనేదానికి లెక్క ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 13వది బ్రేకులకు సంబంధించినది. నిండు లోడుతో 18 శాతం వాలు మీద, పైకి చూస్తూ నిలబెట్టినా కిందికి చూస్తూ నిలబెట్టినా, పార్కింగ్ బ్రేకు ఒక్కటే బండిని ఆపాలని అందులో ఉంది. సరుకు బండ్లకు లివరు మీద చెయ్యి పెట్టే బలం 600 న్యూటన్లు, అంటే సుమారు 61 కిలోలు దాటకూడదు. మన 2,500 కిలోల బండికి ఆ వాలు మీద ఎదురయ్యే తోపు 440 కిలోల పైమాటే. అదంతా వెనక చక్రాలు రెండే మొయ్యాలి. అంటే ఒక్కో టైరు దగ్గర 220 కిలోలు. డ్రమ్ము వ్యాసం టైరు వ్యాసంలో సగం కూడా ఉండదు కాబట్టి, బ్రేకు షూల మీది లైనరు డ్రమ్మును పట్టి ఆపాల్సిన బలం అంతకు రెట్టింపు దాటుతుంది. ఆ పట్టు లైనరు ముఖానిది. లైనరు డ్రమ్ముకు సరిగ్గా ఆనకపోతే కేబులు బిగించడం బొక్కెన తెగిపోయిన చేంతాడును లాగడమే.

కేబులు ముందు ఎందుకు బిగించకూడదో విను. డ్రమ్ము లోపల ఒక షూకు పార్కింగ్ లివరు బిగించి ఉంటుంది. హ్యాండ్ బ్రేకు దించినప్పుడు అది పూర్తిగా వెనక్కి వెళ్లి తన ఆపు మీద ఆనాలి. నువ్వు కేబులు బిగిస్తే అది ఆనదు, సగం దూరం ముందుకొచ్చి నిలుస్తుంది. చాలా బండ్లలో దానంతట అదే సర్దుకునే అడ్జస్టరు ఈ కదలిక మీదే నడుస్తుంది. కదలిక తగ్గితే అడ్జస్టరు పని మానేస్తుంది, లైనరు అరిగేకొద్దీ ఖాళీ పెరుగుతుంది, కాలి బ్రేకు పెడలు కూడా కిందికి దిగుతుంది. ఇంకోవైపు షూ డ్రమ్ముకు రాసుకుంటూ తిరిగి వేడెక్కుతుంది. నాలుగు రోజులు బాగానే పట్టినట్టుంటుంది, ఆ తర్వాత మొదటికంటే అధ్వాన్నం. ఓనరు మళ్లీ వచ్చి మళ్లీ బిగించమంటాడు, కేబులు మర చివరిదాకా అయిపోతుంది. ఇలా వచ్చిన బండ్లను చూసి చూసి నాకు ఒళ్లు మండుతుంది.

ఇక పని. ముందు చక్రాలు రెండింటికీ రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టు. హ్యాండ్ బ్రేకు దించు. వెనక ఇరుసు జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టు. జాకీని నమ్ముకుని బండి కిందికి దూరకు. కేబులు నట్టు బాగా వదులు చేశాక డ్రమ్ము తియ్యి. అంచున గట్టు కట్టి రాకపోతే సుత్తితో బాదకు. బ్యాక్ ప్లేటు వెనక రంధ్రంలోంచి అడ్జస్టరును వెనక్కి తిప్పితే షూలు లోపలికి ముడుచుకుంటాయి.

డ్రమ్ము తీశాక దుమ్మును గాలి పైపుతో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. నీళ్లు చిలకరించి తడిగుడ్డతో తుడువు. షెడ్డులో ఎవరూ అలా చెయ్యరని రాస్తావేమో. నువ్వు చెయ్యి.

తర్వాత వాసన చూడు. ఇరుసు ఆయిల్ సీలు కారితే గేరు ఆయిలు కంపు కొడుతుంది. వీల్ సిలిండరు కారితే రబ్బరు కప్పు కింద తడి కనిపిస్తుంది. ఏది కారినా ముందు అది మార్చాలి, లేకపోతే కొత్త లైనరు వారంలో పాడవుతుంది. ఆయిలు తాగిన లైనరును పెట్రోలుతో కడిగి, మంటలో కాల్చి మళ్లీ వేసే అలవాటు మన వైపు ఉంది. ఆయిలు పైనుంచి పోతుంది కానీ లోపలిది బ్రేకు వేడికి మళ్లీ పైకి ఊరుతుంది. ఒక పక్క లైనర్లు చెడినా రెండు పక్కలా మార్చు.

డ్రమ్ము మీద ఎంతవరకు అరగొచ్చో పెద్ద వ్యాసం కొలత పోతపోసి ఉంటుంది. కొలిచి చూడు, దాటితే పారెయ్యి. దాటకపోయినా ఒక చిక్కుంది. డ్రమ్ము అరిగి, లేతు పట్టి పెద్దదయ్యాక కొత్త లైనరు వంపు దానికి కుదరదు. నడుమ ఒక్క చోటే ఆనుతుంది. కొత్త షూలు వేశాక హ్యాండ్ బ్రేకు మునుపటికంటే బలహీనపడిందని డ్రైవర్లు చెప్పేది ఇందుకే. లైనరు మీద సుద్ద రాసి, డ్రమ్ము వేసి తిప్పి, మెల్లగా బ్రేకు పట్టి, తీసి చూడు. ఎక్కడ చెరిగిందో అంతే దాని పట్టు. లైనరును డ్రమ్ము వంపుకు చెక్కించే షెడ్డు దొరికితే ఆ ఖర్చు పెట్టించు.

షూలు జారే బ్యాక్ ప్లేటు మెట్ల మీద గాళ్లు పడ్డాయేమో వేలితో తడుము. అక్కడ పిసరంత గ్రీజు చాలు. పార్కింగ్ లివరు పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోవడం మన నేలలో ఎక్కువ. కార్తీక మాసం వానల్లో పట్టిన నల్ల మట్టి ఎండాక రాయిలా గట్టిపడుతుంది. అడ్జస్టర్లు ఎడమదీ కుడిదీ కలిపెయ్యకు. ఒకదాని మర ఎడమ తిరుగుడు, రెండోదాని మర కుడి తిరుగుడు. తారుమారైతే సర్దుకోవాల్సినప్పుడల్లా వదులవుతూ పోతాయి. కొన్ని బండ్లలో ఒక షూ లైనరు పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా ఉంటుంది. పొట్టిది బండి ముందు వైపుకు రావాలి.

అన్నీ బిగించాక షూ సర్దుబాటు అడ్జస్టరుతోనే చెయ్యి. చక్రం చేత్తో తిప్పితే రాపిడి తగిలేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి తిప్పు. కాలి బ్రేకు కొన్నిసార్లు తొక్కితే షూలు నడిమికి సర్దుకుంటాయి, మళ్లీ చూసుకో. ఇప్పుడు కేబులు సంగతి. డ్రమ్ము వెయ్యకముందే రెండు కొసలూ విప్పి లోపలి తీగను అటూ ఇటూ లాగి చూసుకో. జారుడుగా లేకపోతే, పోగు తెగితే, పై గొట్టం ఎక్కడన్నా నలిగితే మార్చు. నువ్వు లాగిన బలంలో పెద్ద భాగం గొట్టం లోపల పట్టిన తుప్పే మింగుతుంది. బాగుంటే, లివరు ఆ బండి పుస్తకంలో చెప్పినన్ని పళ్లు లేచేసరికి బ్రేకు పట్టేలా నట్టు బిగించు. లివరు దించగానే రెండు చక్రాలూ రాపిడి లేకుండా తిరగాలి. ఒకటి పట్టి ఒకటి వదిలితే, రెండు కేబుళ్లకూ లాగుడు సమంగా పంచే ముక్క ఏ పక్కకు వాలిందో చూడు.

పరీక్ష ఖాళీ బండితో వద్దు. అగ్గిపెట్టెల లోడు బాడీ నిండా కనిపించినా తేలిక, పప్పు మూటలు సగం నిండేసరికే బండి కుంగుతుంది. బరువు లోడుతో వాలు మీద, న్యూట్రల్లో, కాలి బ్రేకు దగ్గర ఒకరిని కూర్చోబెట్టి, చక్రాలకు జానెడు కింద దిమ్మలు ఉంచి చూడు. బండిని తిప్పి ఇంకో వైపూ చూడు. వాలు కింది వైపు ఎవరూ ఉండకూడదు.

పాత జీపు వస్తే ఒక్క జాగ్రత్త. చాలావాటిలో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర కాక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. బాగానే పడుతుంది, కానీ వెనక చక్రం ఒకటి జాకీతో లేపగానే డిఫరెన్షియల్ రెండో చక్రాన్ని వదిలేస్తుంది. బ్రేకు వేసి ఉందని నమ్మి దిమ్మలు పెట్టకపోతే జీపు మీదికొస్తుంది.

బండి ఇచ్చేటప్పుడు డ్రైవరుకు చెప్పు: వాలు మీద కాలి బ్రేకు తొక్కి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు మెల్లగా వదలాలి. బరువు హ్యాండ్ బ్రేకు మీదికి దిగి బండి నిలిచాకే గేరు వెయ్యాలి. ముక్కు పైకుంటే ఫస్టు, కిందికుంటే రివర్సు. గేరు ఒక్కదాన్నే నమ్మితే ఇంజను కంప్రెషన్ మెల్లగా కారిపోయి బండి చక్రం చక్రంగా జరుగుతుంది. డ్రైవరు టీకి వెళ్లిన తర్వాత జరిగే పని అది.

ఓనరు డబ్బులకు గొణిగితే అరిగిన లైనరు చేతికిచ్చి చూపించు, మాటలు పెంచకు. ఇంకోటి, నీ ఉత్తరంలో ఏ చక్రం బాగా పడుతోందో, ఏది వదిలేస్తోందో రాయలేదు. ఈసారి ఎడమా కుడీ లైనర్ల మందం పైన, నడుమ, కింద విడివిడిగా కొలిచి రాయి. ఆయిల్ సీలు ఏ పక్క కారిందో, డ్రమ్ము మీద ఏ కొలత పోసి ఉందో కూడా రాయి.

ఇట్లు
మామ