కనిపించని గొంతు: టీవీ ఆటల పోటీల్లో అనౌన్సర్ పని

హాస్టల్ హాల్లో టీవీ ముందు కూర్చున్నప్పుడు మనమందరం చూసేది యాంకర్‌నే. 2014లో మా టీవీలో నాగార్జున గారు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలుపెట్టినప్పుడూ, 2021లో జెమినీ టీవీలో ఎన్టీఆర్ ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ నడిపినప్పుడూ భోజనాల దగ్గర మాటలన్నీ వాళ్ల గురించే. ముఖం కనిపించని గొంతుకు ఎంత బలం ఉంటుందో 2017 జూలైలో ‘బిగ్ బాస్’ తెలుగులోకి వచ్చాక గానీ చాలామంది గమనించలేదు. అటువంటి గొంతు వెనుక ఉండే పని గురించి ఈ వార్షికోత్సవ సంచికలో రాయాలనుకున్నాం. మాలో ఒకరిది సూర్యాపేట, ఒకరిది కోదాడ, ఒకరిది మిర్యాలగూడ. ముగ్గురం హాస్టల్లో ఉన్న రోజుల్లో వార్షికోత్సవం మైకు పట్టుకున్నవాళ్లమే, తప్పులు చేసినవాళ్లమే.

యాంకర్ వేరు, అనౌన్సర్ వేరు. ప్రశ్న అడిగేది, పోటీదారుతో ముచ్చటించేది యాంకర్. కార్యక్రమం పేరు చెప్పి, పోటీదారులను పిలిచి, బహుమతులను వర్ణించి, స్పాన్సర్ల పేర్లు చదివేది అనౌన్సర్. మన తెలుగు చానళ్లలో ఈ పనులు చాలావరకు యాంకరే చేస్తారు, మిగిలినవి డబ్బింగ్ గొంతుతో తర్వాత కలుపుతారు. అమెరికాలో మాత్రం రేడియో కాలం నుంచీ ఇది ప్రత్యేకమైన ఉద్యోగం. ‘జెపర్డీ’ అనే క్విజ్‌కు 1964 నుంచి 1975 వరకు డాన్ పార్డో, 1984లో అది మళ్లీ మొదలైనప్పటి నుంచి నలభై ఏళ్లకు పైగా జానీ గిల్బర్ట్ గొంతునిచ్చారు. ‘ది ప్రైస్ ఈజ్ రైట్’లో ప్రేక్షకుల మధ్య నుంచి పోటీదారును ‘కమాన్ డౌన్’ అని పిలిచిన జానీ ఓల్సన్ 1972 నుంచి 1985లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆ రెండు మాటలు ఇవాళ్టికీ అక్కడి వాళ్లకు సామెతలాంటివి.

ఆయన పని కెమెరా తిరగకముందే మొదలవుతుంది. రికార్డింగుకు వచ్చిన జనం ఊరికే కూర్చుంటే చప్పట్లు చల్లగా పడతాయి. అందుకని ముందుగా వాళ్లతో మాట్లాడి, నవ్వించి, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు నిశ్శబ్దంగా ఉండాలో చెప్పాలి. జవాబును ఎవరూ గట్టిగా అరవొద్దని చెప్పాలి. ‘జెపర్డీ’ని రోజుకు ఐదు భాగాల చొప్పున రికార్డు చేస్తారు. పొద్దున మొదటి భాగంలో ఎంత ఉత్సాహంగా స్వాగతం పలికారో సాయంత్రం ఐదో భాగంలోనూ అంతే ఉండాలి, ఎందుకంటే చూసేవారికి అది మరో రోజు. అలిసిపోయిన సంగతి గొంతులో తెలియకూడదు.

చదవాల్సిన కాగితం మీద సెకన్ల లెక్క ఉంటుంది. బహుమతి వర్ణనకు పది సెకన్లు ఇచ్చారంటే పదిలోనే ముగించాలి, కెమెరా ఆ వస్తువు మీద ఉండేది అంతసేపే. అందుకే పెన్సిలుతో ఊపిరి తీసుకునేచోట ఒక గీత, నొక్కి చెప్పే మాట కింద ఒక గీత పెట్టుకుంటారు. మీరూ చేసి చూడండి. దినపత్రికలో ఒక ప్రకటన తీసుకుని గడియారం ముందు పెట్టుకుని పైకి చదవండి. మొదటిసారి తప్పకుండా ఊపిరి చాలదు.

అన్నిటికంటే కష్టమైనది పేరు పలకడం. దీని గురించి మేం కొంచెం ఎక్కువే చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మన ‘ద’కూ ‘డ’కూ తేడా ఉండదు, ‘ల’కూ ‘ళ’కూ ఉండదు, దీర్ఘం ఎక్కడో తెలియదు. కోదాడను ‘కోడాడ్’ అని, మిర్యాలగూడను ‘మిర్యలగుడ’ అని చదివినవాళ్లను మేం విన్నాం. ఊరి పేరే ఇలా అయితే ఇంటిపేరు సంగతి చెప్పాలా? మాలో ఒకరి ఇంటిపేరు గాదె. పదో తరగతిలో ఒక క్విజ్ పోటీలో రెండో బహుమతి వచ్చింది. మైకులో ‘గేడ్’ అని పిలిచారు. ఇంకెవరో అనుకుని మావాడు కదలకుండా కూర్చున్నాడు. రెండుసార్లు పిలిచి, రాలేదని తర్వాతి పేరుకు వెళ్లిపోయారు. కాగితం చేతికి వచ్చిందిగానీ స్టేజీ ఎక్కడం మాత్రం జరగలేదు. పొలం పని మానుకుని చూడటానికి వచ్చిన వాళ్ల నాన్న ఆ సాయంత్రం ఏమీ అనలేదు.

అనుభవమున్న అనౌన్సర్ రికార్డింగుకు ముందే పేరు ఎలా పలకాలో కనుక్కుని, తనకు అర్థమయ్యేలా కాగితం మీద రాసుకుంటాడు. దీనికి యాసతో సంబంధం లేదు. మన నల్లగొండ యాసను దాచుకోమని మేం చెప్పం. అక్షరం స్పష్టంగా పలకడం వేరు, మాట తీరు మార్చుకోవడం వేరు.

పోటీదారును కలిసినా, ప్రశ్నల దగ్గరికి మాత్రం పోకూడదు. 1956లో అమెరికాలో మొదలైన ‘ట్వెంటీ వన్’ క్విజ్‌లో కొందరికి ముందే జవాబులు చెప్పారు. చార్లెస్ వాన్ డోరెన్ అనే విజేత 1959లో అక్కడి పార్లమెంటు కమిటీ ముందు ఆ సంగతి ఒప్పుకున్నాడు. 1960లో అటువంటి మోసం నేరమని చట్టం చేశారు. ఆ దెబ్బతో పోటీదారులతో ఎవరు, ఎప్పుడు, ఏం మాట్లాడవచ్చో కట్టుదిట్టం చేశారు.

ఇంకొక బాధ్యత ఉంది, మన జిల్లావాళ్లు మరవలేనిది. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం రోజున ప్రేక్షకుల గ్యాలరీ కూలి చాలామంది గాయపడ్డారు. అటువంటి సమయంలో అందరికీ వినపడేది మైకు ఒక్కటే. స్టూడియోలో నవ్వించడం మొదలుపెట్టేముందే బయటికి దారి ఎటో, మెట్ల మీద ఎందుకు నిలబడకూడదో చెప్పేది ఇందుకే. మన షామియానా కిందా ఆ రెండు మాటలు ముందే చెప్పాలి.

ఈసారి బహుమతుల జాబితా తెలుగులోనే రాయించమని వార్డెన్ సార్‌ను అడిగాం, సరేనన్నారు. మైకు పట్టుకునే తమ్ముళ్లకు ఏ పేరు దగ్గరైనా సందేహం వస్తే ముందురోజు రాత్రి ఆ గదికి వెళ్లి, ఆ పిల్లవాడి నోటితోనే ఒకసారి పలికించుకుని రండి.