గుండె సవ్వడి: భయమెంత, జాగ్రత్త ఎంత?

నిమిషానికి 72 సార్లు చొప్పున లెక్క వేసినా మన గుండె రోజుకు లక్షసార్లకు పైగా కొట్టుకొంటుంది. ఇన్నింటిలో ఒకటి రెండు తాళం తప్పడం వింత కాదు. అయినా "మీ గుండెలో మర్మర్ ఉంది" అని డాక్టరు అనగానే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి మాదాపూర్, గచ్చిబౌలి దారుల్లో ఉద్యోగాలు పెరిగాయి. వాటితోపాటు రాత్రి డ్యూటీలూ, నిద్రలేమీ వచ్చాయి. రేపు మనలో చాలామంది వెళ్ళేది అక్కడికే కనుక ఈ సంగతి కొంత తెలిసి ఉండటం మంచిది.

గుండెకు నాలుగు గదులు, నాలుగు కవాటాలు. కవాటాలు మూసుకొనేటప్పుడు పుట్టేదే "లబ్-డబ్". ఆ చప్పుళ్ళ నడుమ రక్తం సుడి తిరిగితే స్టెతస్కోపులో "సుయ్" మని వినిపించేది మర్మర్. నిదానంగా పారే కాలువ చప్పుడు చేయదు, వడి పెరిగితే గలగలమంటుంది. అట్లే జ్వరం, రక్తహీనత, గర్భం ఉన్నప్పుడు ఆరోగ్యమైన గుండెలోనూ ఈ సవ్వడి పుట్టవచ్చు. దానివల్ల గుండెకు హాని లేదు. అయితే చిన్ననాటి గొంతునొప్పి వెనుక వచ్చే రుమాటిక్ జ్వరం కవాటాలను చెడగొట్టినా మర్మరే వినిపిస్తుంది. అనుమానముంటే ఎకో పరీక్ష తేల్చి చెబుతుంది.

ఇక లయ సంగతి. గుండెకు తాళం వేసేది కుడి కర్ణికలోని సైనస్ కణుపు. దీనిని 1907లో కీత్, ఫ్లాక్ అనే శాస్త్రజ్ఞులు గుర్తించారు. మణికట్టు దగ్గర నాడి పట్టి చూడండి: ఊపిరి పీల్చేటప్పుడు కాస్త వేగం, వదిలేటప్పుడు కాస్త నెమ్మది. యువకులలో ఇది సహజం. ఒక్కొక్కప్పుడు ఒక దెబ్బ ముందే పడి, ఆపై చిన్న విరామం వచ్చి, తరువాతి దెబ్బ గట్టిగా పడుతుంది. "గుండె జారినట్లయింది" అని మనం అనేది దీన్నే. నిద్రలేమి, ఆదుర్దా, సిగరెట్టు, కొందరిలో కాఫీ దీన్ని పెంచుతాయి. గుండె నిర్మాణం బాగుంటే సాధారణంగా ప్రమాదం లేదు. కాని నాడి అసలు వరుసే లేకుండా కొట్టుకొంటే అది కర్ణికల వణుకు కావచ్చు. అతిగా మద్యం తాగినా ఇది రావచ్చు. దీనివల్ల రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే అవకాశం ఉంది.

లయను తేలికగా తీసుకోరాదనడానికి మన నగర చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫారం వల్ల ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని అవి తేల్చాయి. 1911లో లండన్‌లో లెవీ పిల్లులపై ప్రయోగాలు చేసి, తేలికపాటి మత్తులోనే జఠరికలు లయ తప్పి వణికి గుండె ఆగగలదని చూపాడు. గట్టి గుండె కూడా లయ తప్పితే ఆగవచ్చునన్నమాట!

కనుక పరుగులోగాని ఆటలోగాని స్పృహ తప్పినా, దడతో ఛాతీనొప్పి, ఆయాసం వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా మరణించి ఉన్నా ఆలస్యం చేయక డాక్టరును కలవాలి. దడ లేనప్పుడు తీసిన ఇ.సి.జి. మామూలుగానే ఉండవచ్చు. అందుకే ఒక రోజంతా నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేస్తారు.

మర్మర్ అనే మాట వినగానే మంచం పట్టనక్కరలేదు. అట్లని స్పృహ తప్పినా "గ్యాసేలే" అని తోసివేయనూ కూడదు. మిత్రులారా, నిమిషంపాటు మన నాడి మనం లెక్కపెట్టుకోవడం ఈ రోజే నేర్చుకుందాం.