జైన కుటుంబము: విడాకులు, వృద్ధుల పోషణ, వారసత్వము

బొంబాయిలోని కామాఠీపురకు ఆ పేరు తెలుగు ప్రాంతములనుండి కట్టడపు పనులకు వెళ్లిన కామాఠీల వలన వచ్చినది. అచ్చటి ఫోరస్ రోడ్డును నేడు ఆర్. ఎస్. నిమ్కర్ మార్గమని పిలుచుచున్నారు. ఆ వీధిలో చాల్ గది, బాడుగ దుకాణము, స్వగ్రామమున కొంత భూమి గల వర్తక కుటుంబము నొకదానిని తలచుకొందము. ఇంట చీలిక వచ్చినను, పెద్ద కన్నుమూసినను, ఈ మూడింటికిని ఒకే న్యాయము వర్తించునని ఆ ఇంటివారు భావించినచో నష్టపడుదురు.

జైనులకు వర్తించు చట్టము

1955 నాటి హిందూ వివాహ చట్టము, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, అదే యేటి దత్తత, పోషణ చట్టము జైనులను పేరు పెట్టియే తమ పరిధిలో చేర్చినవి. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జైనులను అల్పసంఖ్యాక వర్గముగా ప్రకటించిన పిమ్మట ఒక సందేహము పుట్టినది. 2025 ఫిబ్రవరిలో ఇండోర్ కుటుంబ న్యాయస్థానము ఒక జైన దంపతుల విడాకుల అర్జీని, హిందూ వివాహ చట్టము వారికి వర్తించదని త్రోసివేసినది. మార్చిలో మధ్యప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తరువును రద్దు చేసినది. మతము వేరగుట, అల్పసంఖ్యాకులగుట ఒక మాట. కుటుంబ చట్టము వర్తించుట వేరొక మాట.

విడాకులు

బొంబాయి రాష్ట్రమున 1947లోను, మద్రాసు రాష్ట్రమున 1949లోను విడాకులకు శాసనములు వచ్చినవి. పిదప 1955 చట్టము దేశమునకంతకు వచ్చినది. ఉభయుల సమ్మతితో విడిపోవు మార్గము 1976 సవరణతో తెరువబడినది. దంపతులు ఏడాది వేరుగా ఉండి అర్జీ పెట్టి, మరి ఆరు నెలలు ఆగవలెను. తగిన సందర్భమున ఈ ఆరు నెలల గడువును న్యాయస్థానము తగ్గింపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పినది.

కులపెద్దల యెదుట స్టాంపు కాగితముపై వ్రాసికొన్న విడుదల పత్రము చాలునా? అట్టి ఆచారము ఆ కులమున చిరకాలముగా కలదని రుజువైనచో చట్టము దానిని మన్నించును. రుజువు కానిచో అది వట్టి కాగితమే. భర్త మరణించునాటికి మొదటి భార్యయే భార్య, వాటా ఆమెదే. రెండవ ఆమెకు భార్యగా వాటా లేదు. ఆమె బిడ్డలకు మాత్రము తండ్రి ఆస్తిలో హక్కు కలదు. కోర్టు డిక్రీతో విడిపోయిన భార్య భరణము కోరవచ్చునుగాని వారసురాలు కాదు. పిల్లల వారసత్వమో, తలిదండ్రులు విడిపోయినను తెగదు.

తలిదండ్రుల పోషణ

తమ్ము తాము పోషించుకొనలేని వృద్ధులను పోషించు బాధ్యత కొడుకుతోపాటు కూతురికిని కలదు. పెండ్లియైన కూతురు కూడ ఈ బాధ్యతనుండి తప్పించుకొనజాలదని మహారాష్ట్రనుండి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1987లో తీర్పు చెప్పినది. 2007 చట్టము క్రింద తలిదండ్రులు ఏ వయస్సువారైనను ట్రిబ్యునలులో అర్జీ పెట్టవచ్చును. ఆ చట్టమున నెలసరి భరణమునకు గరిష్ఠ పరిమితి 10,000 రూపాయలు.

వర్తక గృహములలో తండ్రి బ్రదికియుండగనే అంతయు కొడుకుల పేర వ్రాయుట కలదు. పోషింతుననెడి షరతుపై ఇచ్చిన ఆస్తిని, పోషింపనిచో తిరిగి పొందుటకు 23వ సెక్షను వీలు కల్పించినది. అయితే అట్టి షరతు ఉన్నట్లు చూపవలెనని సుప్రీంకోర్టు 2022లో స్పష్టపరచినది. కొడుకుపై ఎంత నమ్మకమున్నను, ఆ ఒక్క వాక్యము దానపత్రమున ఉండవలెను.

వారసత్వము

వర్తకుడు వీలునామా లేక మరణించెననుకొందము. తల్లి, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నచో అతని స్వార్జితము నాలుగు సమభాగములగును. తల్లి మొదటి తరగతి వారసురాలు. తండ్రి రెండవ తరగతివాడు గనుక వీరుండగా అతనికి భాగము రాదు.

జైన వితంతువు హక్కు పాతది. పుత్రులు లేని జైన వితంతువు భర్త స్వార్జితముపై సంపూర్ణాధికారము పొందు ఆచారమును ప్రీవీ కౌన్సిల్ 1878లోనే అంగీకరించినది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లోను, మహారాష్ట్రలో 1994లోను వచ్చినది. అప్పటికే పెండ్లియైనవారికి అది వర్తింపలేదు. 2005 కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. 2005 నాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చినది.

చాల్ గది

గ్రామములోని భూమి రక్తసంబంధముతో వచ్చును. చాల్ గది అట్లు కాదు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము (1999) ప్రకారము అద్దెదారు మరణించునాటికి అతనితో ఆ గదిలో నివసించుచున్న కుటుంబసభ్యునికే మొదటి హక్కు. దుకాణమైనచో అతనితో అచ్చట వ్యాపారము చేయుచున్నవానికి. అట్టివారు లేనప్పుడే ఇతర వారసుల వంతు. అద్దె హక్కును వీలునామాతో పరుల కిచ్చుట చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు. కావున భూమిలో సమభాగము గల కూతురు, అత్తవారింట ఉన్నచో, గదిపై హక్కు చూపలేకపోవచ్చును. కొడుకు గదిని, దుకాణమును పొందినప్పుడు ఆమెకు భూమిలోనో, నగదులోనో సరి చేయుట తండ్రి వీలునామా వ్రాయునప్పుడే ఆలోచింపవలెను.

గృహస్థులు గుర్తుంచుకొనవలసినవి

విడాకులకు కోర్టు డిక్రీ పొందవలెను. దానపత్రమున పోషణ షరతు వ్రాయవలెను. ఇద్దరు సాక్షుల సంతకములతో వీలునామా సిద్ధపరచవలెను. అద్దె రసీదులు, రేషను కార్డు భద్రపరచి, గదిలో ఎవరు నివసించుచున్నారో ఋజువు నిలుపవలెను. వర్తకుడు ప్రతి యేట దీపావళికి లెక్కలు సరిచూచుకొనును. ఇంటి లెక్కలను కూడ పెద్దలు బ్రదికియుండగనే సరిచేసినచో అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కోర్టు మెట్లపై కలిసికొను దుస్థితి తప్పును.