బదనిక ఆకు: ఏ చెట్టుది?



మామిడి కొమ్మపై వేరే ఆకులతో గుబురుగా పెరిగే బదనికను మీరు చూసే ఉంటారు. నాటువైద్యంలో దీనిని గాయాలకు, ఉబ్బసానికి వాడతారు.

దీని ఆకు దళసరిగా, తోలులా ఉంటుంది. పత్రహరితం ఉన్నందున తన ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుంది. కాని నేలలో వేరు లేదు. అందుకే కొమ్మలోకి చొచ్చుకుపోయి నీటిని, లవణాలను పీల్చుకుంటుంది. ఆకు రెండు వైపులా ఉన్న పత్రరంధ్రాల నుండి నీరు ఆవిరవుతున్నకొద్దీ చెట్టు రసం పైకి వస్తూనే ఉంటుంది.

ఆ రసంతో వచ్చేది నీరొక్కటే కాదు. బదనిక ఆకులో టానిన్లు, క్వెర్సిటిన్ వంటి పదార్థాలు ఉంటాయి. అయితే గన్నేరుపై పెరిగిన బదనికలో, గుండెను దెబ్బతీసే గన్నేరు గ్లైకోసైడులు కూడా ఉన్నట్లు 1961లో రసాయన శాస్త్రజ్ఞులు వెల్లడించారు. కాచినంత మాత్రాన ఆ విషం విరగదు.

రూపం ఒక్కటే, సారం వేరు. ఎండిన ఆకును చూసి అది ఏ చెట్టుపై పెరిగిందో చెప్పలేము. కనుక ఎవరైనా బదనిక కషాయం తాగమంటే, "ఇది ఏ చెట్టుది?" అని అడగండి. జవాబు తెలియని ఆకును పొయ్యి మీదికి ఎక్కించకండి. తెలిసినా, వైద్యుని అడగకుండా పిల్లలకు, గర్భిణులకు పట్టకండి.