ఊరి ఇంటర్నెట్‌కు డబ్బు ఎవరు పెట్టాలి?

బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండు: అక్కడ బడి ఉందా, క్వార్టర్ దొరుకుతుందా. ఈ మధ్య మూడోది కూడా వచ్చి చేరింది: అక్కడ నెట్ వస్తుందా? దీన్ని ఎక్కువగా అడిగేది మీరే.

పుదుచ్చేరి పట్టణంలో ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్న పెద్దది కాదు. ఫోన్ చేస్తే కంపెనీవాళ్ళు గుమ్మం దాకా తీగ లాగి ఇస్తారు. కొన్ని ఊళ్ళకు మాత్రం ఏ కంపెనీ రాదు. కారణం కేవలం లెక్క. ఒక కిలోమీటరు తీగ వేయడానికి అయ్యే ఖర్చు దాని పొడుగునా ఐదు వందల ఇళ్ళు ఉన్నా, ఇరవై ఇళ్ళే ఉన్నా ఇంచుమించు ఒకటే. ఇరవై ఇళ్ళు కట్టే నెలసరి డబ్బుతో ఆ ఖర్చు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. కంపెనీ అంతకాలం ఆగదు. అలాంటప్పుడు ఊరివాళ్ళే డబ్బు కూడగట్టి సొంత నెట్ తెచ్చుకోగలరా? ఆ డబ్బు ఏ ఏ చేతుల నుంచి రావాలి? ఈ పాఠంలో తెలుసుకోబోయేది అదే.

దీనికి దూరదేశాల దాకా వెళ్ళనక్కరలేదు. మన పట్టణానికి పడమటి వైపున్న విల్లియనూరు పేరు మీరు బస్సు బోర్డుల మీద చూసే ఉంటారు. శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ స్థాపించిన పరిశోధనా సంస్థ 1998లో అక్కడ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. విల్లియనూరులో ఒక ప్రధాన కేంద్రం, చుట్టుపక్కల పల్లెల్లో చిన్న కేంద్రాలు. వాటికి గ్రామ విజ్ఞాన కేంద్రాలని పేరు. అప్పటికి పల్లెలకు ఇంటర్నెట్ తీగ లేదు. ప్రధాన కేంద్రంలోనివాళ్ళు టెలిఫోను ద్వారా ఇంటర్నెట్‌లో సమాచారం తీసుకుని, తమిళంలోకి మార్చి, టెలిఫోను తీగల మీద, రేడియో తరంగాల మీద పల్లెలకు పంపేవారు. కరెంటు నిలకడగా ఉండదు కనుక సౌర పలకలు పెట్టారు. ధాన్యం ధరలు, ప్రభుత్వ పథకాల వివరాలు, వైద్యుల సమాచారం అలా వెళ్ళేవి. వీరాంపట్టణంలో అయితే అమెరికా నౌకాదళపు వెబ్‌సైటు నుంచి అలల ఎత్తు అంచనా తీసుకుని, సముద్రంలోకి వెళ్ళే జాలరులకు లౌడ్‌స్పీకరులో వినిపించేవారు. ఈ ప్రయోగానికి 2001లో స్టాక్‌హోమ్ ఛాలెంజ్ అవార్డు వచ్చింది.

డబ్బు సంగతి చూడండి. కంప్యూటర్లు, రేడియోలు, సౌర పలకలు, శిక్షణ సంస్థ ఇచ్చింది. ఆ డబ్బు కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చింది. గది ఊరు ఇవ్వాలి. కేంద్రం నడిపే మనుషులను ఊరు ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, ఊళ్ళో ఏ కులంవారైనా, ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా లోపలికి రాగలగాలి. ఎంబాళంలో కేంద్రాన్ని గుడి ఆవరణలో పెట్టారు. గుడి గుమ్మం కొందరికి మూసి ఉన్నా, పక్కనున్న కంప్యూటరు గది తలుపు అందరికీ తెరిచి ఉండేది. బయటినుంచి డబ్బు ఇచ్చేవాళ్ళు సామాన్లు ఇచ్చి ఊరుకోకుండా, ఇలాంటి షరతు కూడా పెట్టారన్నది నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే నచ్చిన విషయం.

ఇందులో రెండు రకాల ఖర్చులున్నాయని గమనించారా? మొదటిది ఒక్కసారి పెట్టేది: తీగ, యంత్రాలు, స్తంభాలు. దీన్ని మూలధన వ్యయం అంటారు. రెండోది నెలనెలా వచ్చేది: కరెంటు, మరమ్మతు, పనివాడి జీతం, పైనుంచి ఇంటర్నెట్ కొనే ఖర్చు. ఇది నిర్వహణ వ్యయం. మొదటిదానికి దాతలు దొరుకుతారు. దానికి ప్రారంభోత్సవం ఉంటుంది, రిబ్బను ఉంటుంది, ఫోటో ఉంటుంది. మూడో ఏడు పాడైన బ్యాటరీకి రిబ్బను కత్తిరించడానికి ఎవరూ రారు. అక్కడ ఆదుకోవలసింది ఊరే.

ఇక ప్రభుత్వం చేయి. ఇది మనకు తెలియకుండానే మన జేబులోంచి వెళ్ళే డబ్బు. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో, కొన్ని మినహాయింపులు పోగా మిగిలినదానిలో, నూటికి 5 వంతులు ఒక నిధికి కట్టాలి. ఈ ఏర్పాటు 2002 ఏప్రిల్ 1 నుంచి ఉంది. 2003లో చట్టబద్ధత వచ్చింది. దాని పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్. 2023 టెలికాం చట్టం దాన్ని డిజిటల్ భారత్ నిధి అని మార్చింది. కంపెనీల ఆదాయమంటే మనం చేసే రీచార్జే కదా! అంటే పట్టణంలో మీ నాన్నగారు చేసే ప్రతి రీచార్జులో కొంత, ఎక్కడో తీగ లేని పల్లె పేరున జమ అవుతుంది. పంచాయతీలకు ఫైబర్ తీగ చేర్చే భారత్‌నెట్ పథకం 2011లో వేరే పేరుతో మంజూరై, ఈ నిధితోనే నడుస్తోంది. దాని సవరించిన రూపానికి 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

అయితే తీగ పంచాయతీ కార్యాలయం దాకా వస్తే చాలదు. అక్కడినుంచి చివరి వీధిలోని ఇంటిదాకా ఎవరు తేవాలి? ఈ చివరి మైలు దగ్గరే చాలాచోట్ల బండి ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్ దీనికి ఒక తెలివైన దారి ఎంచుకుంది. నేల తవ్వకుండా, అప్పటికే ఉన్న కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగింది. తవ్వకం ఖర్చు, గుంత తవ్వడానికి అనుమతుల కోసం తిరిగే కాలం రెండూ తగ్గాయి. ఇళ్ళకు కనెక్షన్ ఇచ్చే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించింది. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 చివర్లో ఇది ముందుగా మొదలైంది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రమంతటి ప్రాజెక్టును ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇచ్చారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇది ప్రభుత్వ కంపెనీ ఆస్తి. ఊరి ఆస్తి కాదు. ధర ఎంత, ఏ ఊరికి ముందు అన్నది ఊరివాళ్ళు తేల్చుకునే విషయం కాదు.

ఊరే యజమాని అయితే ఎలా ఉంటుందో ఇంగ్లండులోని లాంకషైర్ పల్లెలు చూపించాయి. అక్కడి రైతులు, ఊరివాళ్ళు కలిసి 2011లో బ్రాడ్‌బ్యాండ్ ఫర్ ది రూరల్ నార్త్ అనే సంఘం పెట్టారు. దాని పొట్టిపేరును పలికితే 'బార్న్' అని వినిపిస్తుంది, అంటే పొలం దగ్గరి కొట్టం. సంఘంలో కనీస వాటా 100 పౌండ్లు. ఎవరు ఎన్ని వాటాలు కొన్నా ఓటు ఒక్కటే. రైతులు తమ పొలాల గుండా తీగ పోవడానికి అద్దె అడగలేదు. కాలువ తవ్వినవాళ్ళకు కూలికి బదులు వాటాలు ఇచ్చారు. అంటే చెమట కూడా మూలధనమే అయింది! నెలకు 30 పౌండ్లకు ఒక గిగాబిట్ వేగం ఆ పల్లెలకు అందింది. చుట్టుపక్కల పట్టణాల్లో చాలామందికి అప్పటికి అది లేదు.

మనవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. తెలంగాణలోని ములుకనూరులో రైతులు 1956 నుంచి సహకార బ్యాంకు నడుపుకుంటున్నారు. 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. ప్రభుత్వ వాటాధనం, దానితో వచ్చే ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకోవడానికి అది దారి వేసింది. పాలకు, పొదుపుకు, ధాన్యానికి పనికొచ్చిన పద్ధతి నెట్‌కు ఎందుకు పనికిరాదు? పనికొస్తుంది, లెక్క సరిపోతేనే.

ఆ లెక్క వేద్దాం. ఈ అంకెలు ఊహించినవి. లెక్క వేసే తీరు ముఖ్యం. ఒక ఊళ్ళో 150 ఇళ్ళు. పంచాయతీ కార్యాలయం దాకా ఫైబర్ వచ్చింది. అక్కడినుంచి ఇళ్ళకు వేయడానికి 9 లక్షలు కావాలి. ఇంటికి 1,000 రూపాయల వాటా చొప్పున లక్షన్నర వస్తుంది. తీగ లాగడం, స్తంభాలు పాతడం ఊరివాళ్ళే చేస్తే ఇంకో లక్షన్నర కూలి మిగులుతుంది. ప్రభుత్వ నిధి నుంచి 3 లక్షల గ్రాంటు, బ్యాంకు నుంచి 3 లక్షల అప్పు. మొత్తం సరిపోయింది.

ఇప్పుడు నెలసరి. ఇంటికి 300 చొప్పున 45,000 వస్తుంది. పైనుంచి ఇంటర్నెట్ కొనడానికి 18,000, పనివాడికి 10,000, కరెంటు, మరమ్మతులకు 4,000, అప్పు వాయిదా 7,000. మొత్తం 39,000. మిగిలింది 6,000. లాభమని సంతోషించేలోపు ఆగండి. 3 లక్షల యంత్రాలు ఆరేళ్ళకు అరిగిపోతాయి. కొత్తవి కొనాలంటే నెలకు సుమారు 4,170 పక్కన పెట్టాలి. దీన్ని తరుగుదల అంటారు. అది కూడా కలిపితే ఖర్చు 43,170. దాన్ని 300తో భాగిస్తే 144 ఇళ్ళు. అంటే 150లో ఏడు ఇళ్ళు కట్టడం మానేసినా లెక్క తప్పుతుంది. ఇరవై ఒక్క ఇళ్ళు మానేస్తే కరెంటు బిల్లుకే వెతుక్కోవాలి. చాలా సంఘాలు తరుగుదలను మరిచి ధర తక్కువ పెడతాయి. మొదటి ఐదేళ్ళు అందరూ మెచ్చుకుంటారు, ఆరో ఏడు పెట్టె ఆగిపోతుంది.

ఇళ్ళు డబ్బు ఎందుకు కట్టవు? మొండితనం వల్లే కాదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలు జాలరి ఇంట్లో రాబడి ఉండదు. సరిగ్గా అప్పుడే 300 అడిగితే ఎక్కడినుంచి తెస్తారు? ఊరే యజమాని అయితే, పది నెలలకే 360 చొప్పున తీసుకుని ఆ రెండు నెలలు వదిలేయవచ్చు. ఏడాదికి 3,600 ఎటూ వస్తుంది. దూరాన ఉన్న కంపెనీకి ఈ సంగతి పట్టదు. వీధిలో ఉన్న సంఘానికి తెలుసు.

లెక్కలో రానిది ఇంకొకటి ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే జాలరి పల్లెలో, సింగపూర్‌లో పనిచేస్తున్న ఊరి యువకుడు వార్త విని ఇంటికి ఫోన్ చేశాడు. ఊరివాళ్ళు విజ్ఞాన కేంద్రపు లౌడ్‌స్పీకరులో ఆ హెచ్చరిక వినిపించారు. జనం ఇళ్ళు వదిలి దూరంగా వెళ్ళిపోయారు, వేలమంది బతికారు. ఆ లౌడ్‌స్పీకరుకు నెలకు ఎంత బిల్లు వేస్తాం? ఇలాంటి ఉపయోగానికి ఇంటింటా వసూలు చేయలేం. అందుకే కొంత డబ్బు అందరి నిధి నుంచి, అంటే ఆ 5 వంతుల నుంచి, గ్రాంటుగా రావడం న్యాయం. ఊరు తన వాటా వేయడమూ న్యాయమే. లేకపోతే ధరపై ఊరికి మాట ఉండదు.

ఇక మనలాంటి వాళ్ళ సంగతి. మూడేళ్ళుండి వెళ్ళిపోయే ఇంటికి ఊరి సంఘంలో వాటా ఎందుకు? ఇలాంటి సంఘాల్లో వాటాను బజారులో అమ్మరు. వెళ్ళేటప్పుడు సంఘాన్నే అడిగి వెనక్కి తీసుకుంటారు. పెట్టెలో డబ్బు లేకపోతే సంఘం కొంతకాలం ఆగమనవచ్చు. ఇప్పుడు మీరు లెక్క చేయండి. పై ఊళ్ళో 150 ఇళ్ళలో 12 ఇళ్ళు బదిలీ ఉద్యోగులవి. మే నెలలో 12 ఇళ్ళూ ఒకేసారి ఖాళీ అయి, కొత్తవాళ్ళు జూలైలో దిగారు. ఆ రెండు నెలలు సంఘానికి ఎంత లోటు వస్తుంది? వాళ్ళ వాటాలు వెనక్కి ఇవ్వడానికి ఎంత కావాలి? అది దేనిలోంచి తీయవచ్చు, దేనిలోంచి తీయకూడదు? ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడి, మీ జవాబును కారణాలతో ఒక పేజీలో రాసి తీసుకురండి.