గుండె పాట తప్పితే

ముత్యాలమ్మ నాట్ల నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంది. ఉన్నట్టుండి గుండె ఆగినట్లయింది. మరుక్షణం దబ్బుమని కొట్టుకుంది. నెల రోజులుగా ఇదే వరస.

"ఏదో చూసి జడుసుకుని ఉంటావు. తాయెత్తు కట్టించుకో" అంది పక్కింటి అవ్వ.

ముత్యాలమ్మ సబ్ సెంటరుకు వెళ్లింది. నర్సమ్మ ఆమె మణికట్టు మీద, బొటనవేలి వైపు, మూడు వేళ్లు ఆనించింది. గడియారం చూస్తూ నిమిషం నిండా నాడి లెక్కపెట్టింది.

"78. మధ్యలో రెండుసార్లు తప్పింది."

"తప్పిందంటే గుండె ఆగిందా అమ్మా?"

"ఆగలేదు ముత్యాలక్కా, తొందరపడింది. నాట్లప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కదా. గుండె కూడా అంతే" అంది నర్సమ్మ.

గుండెలో నాలుగు గదులు ఉంటాయి. పైన రెండు, కింద రెండు. రక్తం ముందు పై గదుల్లోకి వస్తుంది. అక్కడి నుంచి కింది గదుల్లోకి దిగుతుంది. కింది గదులు దాన్ని బయటికి నెడతాయి. కుడివైపు పై గదిలో ఒక చిన్న చోటు ఉంది. పాట ఎత్తుకునేది అదే. అక్కడ పుట్టే సన్నటి కరెంటుతో గుండె కొట్టుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు. రోజుకు సుమారు లక్ష సార్లు!

ఒక్కోసారి పై గదిలోనే మరో చోటు తొందరపడి పాట ఎత్తుకుంటుంది. దీన్ని అదనపు స్పందన అంటారు. అప్పటికి గుండెలో రక్తం సరిగా నిండదు. అందుకే చేతికి నాడి అందదు. తర్వాత గుండె కాస్త ఆగి, నిండుగా, గట్టిగా కొట్టుకుంటుంది. మనకు తెలిసేది ఆ గట్టిదే.

ఇవి రోజుకు కొన్ని చాలామందికి వస్తాయి. భయం లేదు. నిద్ర చాలకపోయినా, రక్తం తక్కువైనా, పొగాకు వాడినా, థైరాయిడ్ జబ్బు ఉన్నా పెరగవచ్చు. కొందరికి టీ కూడా పడదు.

రోజూ వందల్లో, వేలల్లో వస్తుంటే సంగతి వేరు. పై గది తొందరపడి ముడుచుకునేసరికి కింది గది తలుపు ఒక్కోసారి మూసే ఉంటుంది. రక్తం ఎటు పోవాలి? గది గోడ మీద ఒత్తిడి పడుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే కొందరిలో పై గది సాగుతుంది. గోడ బిరుసెక్కుతుంది. ఇక పాట నిలవదు. ఎవరికి వారే పాడినట్లవుతుంది. పై గదులు ముడుచుకోవడం మాని, నిమిషానికి 300 సార్లకు పైగా అదురుతాయి. ఎడమవైపు పై గదికి చిన్న సంచి లాంటి మూల ఉంది. రక్తం అక్కడ నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత కీళ్లవాత జ్వరం వచ్చి, గుండె కవాటం చెడినవాళ్లు ఉంటారు. వాళ్లకు పై గది ముందే సాగి ఉండవచ్చు. వాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు. గుండెదడతో కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, ఆయాసం వచ్చినా ఎవరైనా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

"ఇ.సి.జి. తీయించుకో అక్కా. నొప్పి ఉండదు. అందులో తెలియకపోతే 24 గంటలు ఒంటికి కట్టే చిన్న మిషను ఉంది."

"మా అమ్మ కూడా గుండె గడబిడగా ఉందంటది. ముసలితనం అనుకున్నాం" అంది ముత్యాలమ్మ.

"ఆమెనూ తీసుకెళ్లు."

తల్లీకూతుళ్లు పెద్దాసుపత్రికి వెళ్లారు. కూతురికి అప్పుడప్పుడు వచ్చే అదనపు స్పందనలే. రక్తం తక్కువగా ఉంది. ఇనుము మాత్రలు ఇచ్చారు. తల్లికి మాత్రం పై గదులు అదురుతున్నాయి. రక్తం గడ్డకట్టకుండా డాక్టరమ్మ మాత్రలు రాసింది.

"బాగుందని మానెయ్యకు పెద్దమ్మా. రక్తం ఆగకుండా కారితే వెంటనే రా. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. 108కి ఫోన్ చెయ్యండి" అంది.

ఇప్పుడు ముత్యాలమ్మ ఇంట్లో క్యాలెండరు మీద గీతలు కనిపిస్తాయి. తల్లి మాత్ర వేసుకోగానే ఒక గీత. పక్కనే నాడి అంకె. ఆ రాతలు తనవే. మొన్న రాసుకుంటుంటే పక్కింటి అవ్వ వచ్చి చూసింది. తాయెత్తు వెనక్కి జరుపుకుని చెయ్యి చాపింది.

"నాది కూడా చూడవే."