రాతిలో దాగిన కర్బనం: హోసూరు, కృష్ణగిరి విద్యార్థులకు భూగర్భశాస్త్ర దారి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే రాళ్లలో చాలా భాగం రూపాంతర శిలలు, అంటే భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ లోనై, పూర్తిగా కరగకుండానే కొత్త ఖనిజాలను సంతరించుకున్నవి. సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం, పర్వతాలు ఏర్పడిన కాలంలో ఎంతో లోతున మారిన ఈ శిలలు నేడు నేలపైనే కనిపిస్తున్నాయి.

ప్రక్రియ ఏమిటి?

పర్వతాలు పుట్టేటప్పుడు సున్నపురాయి లోతుకు కూరుకుపోయి వేడెక్కితే, అందులోని కాల్సైట్ సిలికాతో కలిసి వోలస్టొనైట్ అనే ఖనిజంగా మారి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. ఆ వాయువులో కొంత, నేపాల్ హిమాలయాల్లో జరుగుతున్నట్టు, వేడినీటి బుగ్గల వెంట గాలిలో కలుస్తుంది. మరికొంత స్ఫటికాల్లో సూక్ష్మ బిందువులుగానో, గ్రాఫైట్, కార్బొనేట్ ఖనిజాలుగానో రాతిలోనే నిలిచిపోతుంది.

ఈ వాయువు రాళ్లను మార్చగలదా అన్న ప్రశ్న ఈ ప్రాంతంలోనే ఎదురవుతుంది. కృష్ణగిరి నుంచి ధర్మపురి వైపు పోయేకొద్దీ, నీటి అంశ గల ఖనిజాలున్న నీస్ అనే చారల శిలల స్థానంలో నీరులేని హైపర్‌స్థీన్ ఖనిజం ఉన్న చార్నకైట్ శిల కనిపిస్తుంది. కర్ణాటకలోని కబ్బాల్‌దుర్గ వద్ద ఈ మార్పు జరిగిన తీరును భూగర్భ శాస్త్రవేత్త సి.ఎస్. పిచ్చముత్తు 1960లో వివరించారు. లోతు నుంచి పైకి పారిన కార్బన్ డయాక్సైడే ఇందుకు కారణమని 1980లో న్యూటన్, స్మిత్, విండ్లీ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించగా, ఉప్పు ద్రవాలకూ, రాయి పాక్షికంగా కరగడానికీ ప్రాధాన్యమిచ్చే పరిశోధకులూ ఉన్నారు. ఈ చర్చ ముగియలేదు కనుక కొత్త పరిశోధకులకు ఇక్కడ పని మిగిలే ఉంది.

ఏం చదవాలి?

ప్లస్ టూలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు బీఎస్సీ జియాలజీలో చేరి, ఆపై సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయంలోనో, తిరుపతి శ్రీవేంకటేశ్వర, ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లోనో, జామ్ పరీక్ష ద్వారా ఐఐటీల్లోనో ఎమ్మెస్సీ చేయవచ్చు. పలుచని రాతి ఫలకాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించడం, క్షేత్రపటాలు గీయడం, ఉష్ణగతిక శాస్త్రం ఇందుకు పునాది.

అవకాశాలు

యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా 1851లో ఏర్పడిన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో జియాలజిస్టు ఉద్యోగం లభిస్తుంది. పరిశోధన కోరేవారికి హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. ఐస్‌లాండ్‌లో బసాల్ట్ శిలల్లోకి పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే ఖనిజంగా మారినట్టు 2016లో వెల్లడైన తర్వాత, ఉద్గారాలను రాతిలో నిల్వచేసే రంగానికీ ఈ శాస్త్రం తెలిసినవారి అవసరం పెరిగింది.

క్వారీ రాయిని సరుకుగానే చూసే అలవాటును దాటి, దాని ఖనిజాలను చదవడం ఈ ప్రాంత విద్యార్థులు డిగ్రీ తొలి ఏడాదిలోనే మొదలుపెట్టాలి.